ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్: డబ్బు ఏజెన్సీకి కట్టాం, సేవ గైడ్ చేశాడు

మా పెళ్ళయి 25 ఏళ్ళు నిండాయని గత అక్టోబరులో నేనూ మా ఆయనా నేపాల్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్ళాం. నాకు 47, ఆయనకు 52. ఉండేది తిరుపతిలో. బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు. మేము 4,940 మీటర్ల దగ్గర, లొబుచే అనే చోటు నుంచి వెనక్కి వచ్చేశాం. కాబట్టి బేస్ క్యాంప్ ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఈ ట్రెక్‌కి డబ్బు కట్టేవాళ్ళు దేనికి కడుతున్నారో మాత్రం చెప్పగలను. ఆ విషయం మాకు ఒక్క రాత్రిలో తెలిసొచ్చింది.

ఏజెన్సీ పేరు రాయడం లేదు. వాళ్ళ మీద నాకు ఫిర్యాదు ఉంది, అది వాళ్ళకే నేరుగా రాశాను. గైడ్ పేరు కూడా రాయను, ఆయనకు ఆ ఆఫీసులోనే పని. మేము ఆయన్ని ‘దాయి’ అని పిలిచాం. నేపాలీలో అన్న అని అర్థం. ఆయన నన్ను ‘దీదీ’ అనీ, మా ఆయన్ని ‘సర్’ అనీ పిలిచేవాడు. మాటలన్నీ హిందీలోనే. దాయి షెర్పా కాదు, రాయ్. షెర్పా అంటే మనలో చాలామంది ఉద్యోగం పేరనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. అది ఒక జాతి పేరు. ఈ దారిలో గైడ్లుగా, పోర్టర్లుగా రాయ్‌లు, తమాంగ్‌లు, ఇంకా చాలామంది పనిచేస్తున్నారు.

ముందుగా మా తయారీ గురించి. ఆర్నెల్లపాటు ప్రతి ఆదివారం తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కాం. 3,550 మెట్లు. చివరి రెండు నెలలు ఒక్కొక్కరి వీపున ఆరు లీటర్ల నీళ్ళ సీసాలు పెట్టుకుని ఎక్కాం. మా ఆయన ఎప్పుడూ నాకంటే ముందే గాలిగోపురం చేరి, అక్కడ టీ తాగుతూ నాకోసం చూసేవాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర నా చెయ్యి పట్టుకుని లాగేవాడు. ఇద్దరిలో గట్టిమనిషి ఆయనే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, జబ్బుపడింది ఆయన. కాళ్ళ బలం వేరు, ఎత్తుకు ఒళ్ళు అలవాటుపడటం వేరు. తిరుమల కొండ ఎత్తు వెయ్యి మీటర్లు కూడా దాటదు. అక్కడ ఎంత సాధన చేసినా కాళ్ళకీ గుండెకీ పనికొస్తుంది కానీ, నాలుగు వేల మీటర్ల పైన గాలి పల్చబడితే ఒళ్ళు ఏం చేస్తుందో అది చెప్పదు.

ప్యాకేజీ 12 రోజులది. ఇద్దరికీ కలిపి మన డబ్బుల్లో 1,70,000 రూపాయలు. అందులో ట్రెక్ మొదలయ్యే లుక్లా ఊరికి రానూపోనూ విమానం, పర్మిట్లు, గదులు, మూడుపూటలా భోజనం, గైడ్ ఒకరు, ఇద్దరి సామాన్లకీ కలిపి ఒక పోర్టర్. వేడినీళ్ళు, స్నానం, ఫోన్ చార్జింగ్, వైఫై మన ఖర్చే. పైకి వెళ్ళేకొద్దీ వీటి ధర పెరుగుతుంది, అది న్యాయమే. లుక్లా దాటాక మామూలు రోడ్డు లేదు. ఆ గ్యాస్ బండ, ఆ బియ్యం బస్తా ఎవరో ఒకరి వీపు మీదో, జంతువు వీపు మీదో రావాలి. మన రూపాయికి నేపాల్ రూపాయలు 1.60 వస్తాయి. దారిలో నామ్‌చే బజార్ అనే ఊళ్ళో ఏటీఎంలు ఉన్నాయి, ఆ పైన లేవు. నగదు అక్కడే తీసుకోండి. ఇంకో మాట: నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు కానీ, విమానంలో వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ కార్డు పెట్టుకుని వచ్చి ఢిల్లీ విమానాశ్రయంలో ఆగిపోయిన ఒక కుటుంబాన్ని చూశాను.

మొదటి చిక్కు విమానం దగ్గరే వచ్చింది. సీజన్‌లో లుక్లా విమానాలు ఎక్కువగా ఖాట్మండు నుంచి కాదు, రామేఛాప్ జిల్లాలోని మంథలి నుంచి ఎగురుతాయి. అంటే రాత్రి ఒంటిగంటకి జీపెక్కి, నాలుగైదు గంటలు మలుపుల దారిలో వెళ్ళాలి. ఇది మాకు ముందురోజు సాయంత్రం వరకు ఎవరూ చెప్పలేదు. తీరా వెళితే లుక్లాలో మబ్బు. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లే, అదీ కొండవాలున ఏటవాలుగా ఉంటుంది. ఒక కొసన కొండ, ఇంకో కొసన లోయ. మబ్బు పడితే విమానం వెళ్ళదు, వెళ్ళకూడదు. ఆ రోజంతా రేకుల షెడ్డు కింద కూర్చున్నాం, రాత్రి అక్కడే ఒక గదిలో పడుకున్నాం. మర్నాడు ఉదయం 8 గంటలకి ఎగిరి ఇరవై నిమిషాల్లో దిగాం.

ఆ ఒక్క రోజు పోవడమే తర్వాత జరిగినదానికి మూలం.

లుక్లా నుంచి ఫాక్‌డింగ్, మర్నాడు హిల్లరీ వంతెన మీదుగా నామ్‌చే. వంతెన మీద నడుస్తుంటే కింద దూధ్‌కోసి నది, పేరుకు తగ్గట్టు పాలనురగలాగే ఉంది. నామ్‌చే ఎత్తు 3,440 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉన్నాం. మధ్యలో రోజు పైకి ఎక్కి, చూసి, మళ్ళీ కిందికొచ్చి పడుకోవాలి. పగలు ఎత్తుకు వెళ్ళినా రాత్రి పడక కింద ఉంటే ఒళ్ళు అలవాటుపడుతుంది. ఆ పైకెక్కిన చోటి నుంచే మొదటిసారి ఎవరెస్ట్ శిఖరం కనిపించింది. లోట్సే, నుప్ట్సే శిఖరాల గోడ వెనక నుంచి నల్లటి కొన ఒక్కటే. నేనైతే పక్కనున్న శిఖరం అమా దబ్లామ్‌నే ఎక్కువసేపు చూశాను. చేతులు చాచి కూర్చున్న తల్లిలా ఉంటుంది. దాని పేరుకు అర్థం అమ్మ మెళ్ళో పతకం అని దాయి చెప్పాడు.

లాడ్జీల గురించి. వీటిని టీ హౌస్ అంటారు. ప్లైవుడ్ గోడలు, రెండు మంచాలు, ఒక బరువైన బొంత. పక్కగదిలో దగ్గినా మనగదిలో దగ్గినట్టే ఉంటుంది. గదుల్లో వెచ్చదనం ఉండదు. సాయంత్రం ఐదింటికి భోజనాల గదిలో మధ్యనున్న ఇనప పొయ్యి వెలిగిస్తారు, అందరూ దాని చుట్టూ చేరతారు. పైకి వెళ్ళాక చెట్లు లేవు కాబట్టి కట్టెలు లేవు. పొయ్యిలో వేసేది జడలబర్రెల పేడ పిడకలు. డింగ్‌బోచేలో మా లాడ్జీ పక్కన రాతిగోడ మీద చేతి గుర్తులతో సహా పిడకలు కొట్టి ఉన్నాయి. మా అమ్మమ్మగారి ఊళ్ళో దొడ్డిగోడ కళ్ళముందుకొచ్చింది. ఆ లాడ్జీ దీదీకి మా పిడకల సంగతి చెబితే, తన అరచేయి తెచ్చి గోడ మీద గుర్తులో పెట్టి చూపించింది. సరిగ్గా సరిపోయింది. రెండు నిమిషాలు ఇద్దరం నవ్వుకున్నాం.

తిండికి దాల్‌భాత్‌ని మించింది లేదు. అన్నం, పప్పు, బంగాళదుంప కూర, ఆకుకూర, అప్పడం, కొంచెం పచ్చడి. అడిగినంత మళ్ళీ వడ్డిస్తారు. నూడుల్స్, పిజ్జా మెనూలో ఉంటాయి, వాటి జోలికి పోకండి. ఈ ట్రెక్ సాగే ఖుంబూ లోయలో జంతువుల్ని కొయ్యరు, మాంసం కింద నుంచి రోజుల తరబడి మోసుకొస్తారు. కాబట్టి నామ్‌చే దాటాక శాకాహారమే మంచిది. లొబుచే ఎత్తులో నీళ్ళు 84 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం ఉడకదు. ప్రతి వంటగదిలోనూ పెద్ద ప్రెషర్ కుక్కర్ ఉంటుంది. ఆ చలిలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఇల్లు గుర్తొచ్చేది. నేను కరివేపాకు పొడి, కందిపొడి తీసుకెళ్ళాను. మా పోర్టర్ కుర్రాడికి కందిపొడి తెగ నచ్చింది, రెండో ప్యాకెట్ అతనికే ఇచ్చేశాను.

ఇక దాయి పని గురించి. రోజూ సాయంత్రం భోజనానికి ముందు ఒక చిన్న నోట్‌బుక్ తీసేవాడు. ముందు మా వేళ్ళని తన రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్ది వెచ్చబెట్టేవాడు. చల్లటి వేలికి ఆక్సీమీటర్ పెడితే తప్పు అంకె చూపిస్తుందట. కోవిడ్ రోజుల్లో మనం ఇళ్ళల్లో వాడిన మిషనే. అంకె నిలబడేదాకా చూసి, ఇద్దరి పేర్ల కింద రాసుకునేవాడు. తర్వాత ప్రశ్నలు: తలనొప్పి ఉందా, ఆకలి ఉందా, వాంతి వచ్చేలా ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా, రాత్రి నిద్ర పట్టిందా. ప్రతి రోజూ అవే ప్రశ్నలు, అదే వరస. నాకు మొదట్లో విసుగొచ్చింది. ఆ నోట్‌బుక్కే మా ఆయన ప్రాణం కాపాడింది.

టెంగ్‌బోచేలో ఉన్నప్పుడు ఆఫీసు నుంచి దాయికి ఫోన్ వచ్చింది. అక్కడి బౌద్ధారామం చాలా బాగుంటుంది. 1934 భూకంపంలో కూలింది, 1989లో కాలిపోయింది, రెండుసార్లూ మళ్ళీ కట్టుకున్నారు. సాయంత్రం ప్రార్థన వింటూ లోపల కూర్చుని ఉన్నాం. దాయి బయట ఫోన్‌లో గట్టిగా మాట్లాడటం వినిపించింది. విషయమేమిటంటే, మంథలిలో పోయిన రోజుని ఎక్కడో ఒకచోట సర్దాలి. డింగ్‌బోచేలో రెండో రాత్రి తీసెయ్యమంది ఆఫీసు. దాయి వద్దన్నాడు. నిర్ణయం మీదేనని మమ్మల్ని అడిగారు. మా తిరుగు టికెట్లు కొనేసి ఉన్నాయి, నాకు బ్యాంకులో సెలవు అంతవరకే ఉంది. మా ఆయన “నాకేం కాలేదు, పోదాం” అన్నాడు. నేనూ సరే అన్నాను. తప్పులో మా వాటా ఇది, దాచుకోను.

లెక్క చూడండి. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడక ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు ఆగాలని వైద్యులు చెబుతారు. నామ్‌చే 3,440, టెంగ్‌బోచే 3,867, డింగ్‌బోచే 4,410, లొబుచే 4,940. ఆగకుండా వెళితే మూడు రోజుల్లో 1,500 మీటర్లు. డింగ్‌బోచేలో ఆగే రోజు అలంకారానికి పెట్టింది కాదు. అది మందులాంటిది. పైగా మా ఆయనకు సల్ఫా మందులు పడవు కాబట్టి, ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర మా డాక్టర్ వద్దన్నారు. నేను పూటకి 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు వేసుకున్నాను. వేళ్ళు చిమచిమలాడటం తప్ప వేరే ఇబ్బంది లేదు.

లొబుచే చేరిన సాయంత్రం మా ఆయన దాల్‌భాత్ రెండు ముద్దలు తిని వదిలేశాడు. టీ తాగుదామని గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకి పోయింది. దాయి ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. వేళ్ళు రుద్ది మిషన్ పెట్టాడు. నాది 79, ఆయనది 66. తలనొప్పి ఉందా అంటే, ఏం లేదన్నాడు మా ఆయన. ముందురోజు రాత్రి నుంచే తల పగిలిపోతోందని, నాకు చెబితే వెనక్కి వెళదామంటానని దాచాడని తర్వాత తెలిసింది. మన మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిందని, నేను బేస్ క్యాంప్‌కి కూడా వెళ్ళలేనా అని ఆయన మనసులో ఉంది. ఆ అమ్మాయి భువనగిరి కొండ దగ్గర మొదలుపెట్టి ఎంత శిక్షణ తీసుకుందో, అలాంటి యాత్రల్లో ఎత్తుకు అలవాటుపడటానికే ఎన్ని వారాలు పడుతుందో ఆ సమయంలో గుర్తురాలేదు.

దాయి ఇంకేమీ అడగలేదు. మా ఆయన్ని లేపి నిలబెట్టాడు. భోజనాల గది నేల చెక్క పలకలతో చేసింది, రెండు పలకల మధ్య సన్నటి గీత. “సర్, ఈ గీత మీద నడవండి. ఒక అడుగు మడమకి ఇంకో అడుగు వేళ్ళు ఆనించి” అన్నాడు. మా ఆయన మొదటి అడుగు వేశాడు. రెండో అడుగుకే కుడివైపు తూలాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ తూలాడు. అలిపిరి మెట్ల మీద నన్ను లాక్కెళ్ళిన మనిషి, చదునైన నేల మీద నాలుగు అడుగులు వెయ్యలేకపోయాడు. గది అంతా నిశ్శబ్దమైపోయింది. నా టెన్షన్ చెప్పలేను.

మెదడులో వాపు మొదలైతే ఇలా అడుగు తప్పుతుంది. దానికి అసలు మందు ఒక్కటే, కిందికి దిగడం.

దాయి ఆఫీసుకి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో పెట్టాడు. రాత్రి అక్కడే ఉంచండి, పొద్దున హెలికాప్టర్ పంపిస్తాం, ఇన్సూరెన్స్ ఉంది కదా, దీదీతో సంతకం పెట్టించు అన్నారు అవతల నుంచి. దాయి చాలా నెమ్మదిగా చెప్పాడు: “రాత్రి హెలికాప్టర్ రాదు. పొద్దుటిదాకా ఈ మనిషి ఆగలేడు. నేను ఇప్పుడే దింపుతున్నాను.” ఫోన్ పెట్టేశాడు. తన ఉద్యోగం ఆ ఆఫీసుదే అని తెలిసి చెప్పిన మాట అది.

నేపాల్‌లో ట్రెక్కర్లని అవసరం లేకపోయినా హెలికాప్టర్ ఎక్కించి ఇన్సూరెన్స్ డబ్బు పంచుకుంటున్నారని 2018లో అక్కడి ప్రభుత్వ విచారణలోనే బయటపడింది. మా ఆఫీసు మనసులో అదే ఉందని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. పగలైతే, నిజంగా అవసరమైతే హెలికాప్టర్ ప్రాణం పోస్తుంది. కానీ చీకట్లో మనిషిని పైనే ఉంచమనడం తప్పు. అది నేను ఎక్కడైనా చెబుతాను.

దాయి, కిందున్న ఫెరిచే క్లినిక్‌కి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు తన మందుల డబ్బాలోంచి మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ మాత్ర వేశాడు. రాత్రి 7:40కి బయల్దేరాం. దాయి, పోర్టర్ చెరో పక్క మా ఆయన్ని పట్టుకున్నారు, నేను వెనక. తలకి లైట్లు. నీళ్ళ సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. దారిలో థుక్లా అనే చోటికి పైన ఎవరెస్ట్‌లో పోయినవాళ్ళ పేరున కట్టిన రాతి గుట్టలున్నాయి, పొద్దున వచ్చేటప్పుడు ఫోటోలు తీసుకున్న చోటే. నా లైటు వాటి మీద పడకుండా తల దించుకుని నడిచాను. అక్కడి నుంచి థుక్లాకి బండరాళ్ళ మధ్య నిట్టనిలువు దిగుడు. పోర్టర్ కుర్రాడికి 22 ఏళ్ళు. రాయి జారినచోటల్లా ముందు తను కాలుపెట్టి చూసి, అప్పుడు “సర్, యహాఁ” అనేవాడు.

థుక్లా దగ్గర కూర్చోబెట్టి నీళ్ళు తాగించాం. అప్పటిదాకా అడిగినదానికి ఊఁ అని తప్ప మాట్లాడని మనిషి నా వైపు తిరిగి “ఆకలేస్తోందే” అన్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి. కందిపొడి ఉన్న బ్యాగు లొబుచేలోనే ఉండిపోయింది. దాయి జేబులోంచి బిస్కెట్లు తీసి ఇచ్చాడు. ఆయన నాలుగు తిన్నాడు, నేను ఏడ్చాను.

ఫెరిచే 4,371 మీటర్లు. చేరేసరికి పదకొండున్నర దాటింది. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ఉంది, ట్రెక్కింగ్ సీజన్లలో డాక్టర్లు వచ్చి స్వచ్ఛందంగా పనిచేస్తారు. ఆక్సిజన్ పెట్టారు, రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు. పొద్దునకి అంకె 84. గీత మీద నడవమంటే తూలకుండా నడిచాడు. పైకి మాత్రం వెళ్ళొద్దన్నారు. ఆ క్లినిక్‌లో రోజూ మధ్యాహ్నం ఎత్తు జబ్బు గురించి ఒక క్లాసు చెబుతారు. దయచేసి పైకి వెళ్ళేటప్పుడే వినండి. డింగ్‌బోచేలో ఆగే రోజున నడిచి వచ్చి వినొచ్చు. మేము ఆగి ఉంటే వినేవాళ్ళం.

నువ్వు దాయితో వెళ్ళి చూసిరా అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. వెళ్ళాలని నాకు ఉంది, లేదని అబద్ధం చెప్పను. వెళ్ళలేదు. ఇద్దరం కిందికి దిగి, మిగిలిన రోజులు నామ్‌చేలో, ఖుంజుంగ్‌లో గడిపాం. ఖుంజుంగ్‌లో ఎడ్మండ్ హిల్లరీ 1961లో కట్టించిన బడి ఉంది. ఆకుపచ్చ రేకుల కప్పు, ముందు మైదానంలో పిల్లల బంతాట. మా ఆయన నెమ్మదిగా నడుస్తూ ఆ గోడ మీద గంటసేపు కూర్చున్నాడు. ఆ గంట ఈ ట్రెక్‌లో నాకు బాగా ఇష్టమైన గంట.

మీరు వెళ్ళేటట్టయితే ఏజెన్సీని ధర కంటే ముందు ఇవి అడగండి. నామ్‌చేలో, డింగ్‌బోచేలో రెండేసి రాత్రులు ఉన్నాయా? విమానం ఆలస్యమైతే ఏ రోజు తగ్గిస్తారు? డింగ్‌బోచే రోజు అని జవాబొస్తే అక్కడితో ఆపెయ్యండి. 12 రోజులకి ఇంకో మూడు రోజులు కలిపి తిరుగు టికెట్ కొనండి. గైడ్ దగ్గర ఆక్సీమీటర్, అత్యవసర మందులు ఉంటాయా? వెనక్కి దింపే నిర్ణయం గైడ్‌దా, ఆఫీసుదా? పోర్టర్‌కి ఇన్సూరెన్స్ ఉందా, ఎన్ని కిలోలు మోస్తాడు? మా ఇద్దరి సంచులూ కలిపి 24 కిలోలు, ఇంకా తగ్గించి ఉండాల్సింది. మీ ఇన్సూరెన్స్ 6,000 మీటర్ల వరకు వర్తిస్తుందో లేదో కాగితం మీద చూసుకోండి. ఆఫీసు అద్దెకిచ్చిన నా స్లీపింగ్ బ్యాగ్ జిప్ రెండో రాత్రికే ఊడిపోయింది, అవి ఖాట్మండులోనే తెరిచి మూసి చూడండి.

ఏజెన్సీకి ఐదుకి రెండు. లాడ్జీలకి నాలుగు. దాయికీ ఆ పోర్టర్ కుర్రాడికీ అంకె వెయ్యలేను. లుక్లాలో ఇద్దరికీ మేమనుకున్న దానికి రెట్టింపు టిప్పు ఇచ్చాం, కుర్రాడికి మా ఆయన తన డౌన్ జాకెట్ ఇచ్చాడు. ఆఫీసుకి నేను రాసిన ఉత్తరంలో, ఆ రాత్రి దాయి తీసుకున్న నిర్ణయాన్ని మెచ్చుకుంటూ ఒక పేజీ విడిగా రాశాను, ఆయన ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదని. జవాబు ఇంకా రాలేదు.

మొన్న ఉగాదికి దాయికి శుభాకాంక్షలు పంపాను. తిరుగు మెసేజ్‌లో ఆయన ముందు అడిగింది “సర్ నంబర్ ఎంత?” అని. మా ఆయన వేళ్ళు రుద్దుకుని, ఆక్సీమీటర్ పెట్టుకుని, ఫోటో తీసి పంపాడు. 98.